సెకండ్‌హ్యాండ్ జీపు కొనునపుడు ఏ రకము ఎన్నుకొనవలెను?

పాల క్యాన్లు, ఎరువు బస్తాలు చేరవేయుటకు, వానాకాలమున రోగిని ఆసుపత్రికి చేర్చుటకు పొలముబాటన నడచు బండి కావలెనని పలువురు రైతులు కోరుచున్నారు. క్రొత్తది కొనుట భారము కావున వాడిన బండి కొరకు హైదరాబాదు వచ్చుచున్నారు. ఒకే పేరుగల బండి పలు రకములుగా ఉండును. హంగులు తక్కువైన దానిని బేస్ మోడల్ అనియు, ఎక్కువైన దానిని టాప్ మోడల్ అనియు అమ్మకందారులు పిలుతురు. టాప్ మోడల్ అయినంత మాత్రమున బురదలో బాగుగా నడచునని తలచరాదు. విత్తనము కొనునపుడు సంచి రంగు చూడము, సంచికి కుట్టిన చీటీ చూచెదము. బండికిని అదియే పద్ధతి.

తరువాత చేర్చుకొనలేనివి ఏవి?

సీటు కవర్లు, పాటల పెట్టె, అల్లాయ్ చక్రములు మొదలగునవి తరువాతనైనను కొనవచ్చును. ఈ క్రింది మూడును మాత్రము ఫ్యాక్టరీలోనే అమర్చబడి రావలెను. తరువాత పెట్టించుట మిక్కిలి ఖర్చు. తయారీదారు నిర్దేశించిన నిర్మాణమును ఇష్టము వచ్చినట్లు మార్చుటకు మోటారు వాహనముల చట్టము కూడ ఒప్పుకొనదు.

1. ఫోర్ వీల్ డ్రైవ్: ఇంజను శక్తి వెనుక చక్రములకే గాక ముందు చక్రములకును అందును.

2. లో గేరు: చక్రములు మెల్లగా తిరుగును, లాగు బలము హెచ్చును. బరువుతో గట్టు ఎక్కుటకు, దిగుటకు ఇది అవసరము.

3. డిఫరెన్షియల్ లాక్: మామూలు బండిలో ఒక చక్రము బురదలో జారినచో అది ఊరక తిరుగును, గట్టినేలపైనున్న రెండవ చక్రము కదలదు. లాక్ ఆ రెండింటిని కలిపి త్రిప్పును.

పేరు చూచి మోసపోరాదు

1947లో మహీంద్రా వారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుట ప్రారంభించిరి. నాటి నుండి జీపు అనిన నాలుగు చక్రములును లాగుననియే జనులలో నమ్మకము. నేడు అట్లు కాదు. 2010లో వచ్చిన థార్ డి.ఐ. రకములోనే టూ వీల్, ఫోర్ వీల్ రెండును ఉండెను. 2020 అక్టోబరులో వచ్చిన క్రొత్త థార్ మొదట అంతయు ఫోర్ వీల్ బండియే. 2023 జనవరిలో వెనుక చక్రములే లాగు రకము కూడ వచ్చెను. పైకి రెండును ఇంచుమించు ఒక్కటే. ఎల్‌ఎక్స్ పై రకము, ఏఎక్స్ దానికంటె సాదా రకము. అయినను ఎల్‌ఎక్స్‌లో టూ వీల్ బండ్లు గలవు, ఏఎక్స్‌లో ఫోర్ వీల్ బండ్లు గలవు. పొలమునకు ఏది మేలో వేరుగ చెప్పనక్కరలేదు.

బొలెరో బి 4, బి 6 రకములు వెనుక చక్రములతో నడచునవి. 2021లో వచ్చిన బొలెరో నియోలో ఎన్ 10 (ఓ) అను రకమునకు లాక్ అమర్చిరి. ఇచ్చట మాత్రము పై రకమునకు పెట్టు అదనపు సొమ్ము పనికివచ్చు సొమ్మే.

నేలను బట్టి ఎన్నిక

చెల్క నేలలో వాన నీరు త్వరగా ఇంకిపోవును. అట్టి ఊళ్లకు మంచి టైర్లుగల వెనుక చక్రముల బండి చాలును. ఇసుక దుబ్బలు, వాగులు దాటవలసిన చోట లాక్ ఉన్నది మేలు. నల్లరేగడి బంకమన్ను తడిసి ఉబ్బి టైరు గాళ్లలో నిండిపోవును, అపుడు టైరు నున్నని రోలరు వలె జారును. బాట అంతయు రేగడియైనచో ఫోర్ వీల్, లో గేరు, లోతైన గాళ్ల టైర్లు మూడును కావలెను. ఎంత మంచి బండియైనను తడి రేగడి చేనిలోనికి దింపరాదు. నేల అణగి గట్టిపడి పంట వేరు దిగదు.

ఫోర్ వీల్ బండికి అదనపు గేరుపెట్టె, ముందు డిఫరెన్షియల్, వాని ఆయిలు ఖర్చు తప్పవు. ఏడాదికి నాలుగైదు దినములే బురద అయినచో, ఆ దినములలో ట్రాక్టరుతో లాగించుకొనుటయే చవుక.

కొనుటకు ముందు పరీక్ష

అడిక్‌మెట్, తార్నాక వంటి నగరపు వాడలలో తారు రోడ్డుననే తిరిగిన బండి పైకి నిగనిగలాడును. కాని దాని ఫోర్ వీల్ లివరు ఏండ్ల తరబడి కదలక బిగిసి ఉండవచ్చును. వదులు మట్టిగల ఖాళీ స్థలమునకు తీసికొనిపోయి ఫోర్ వీల్, లో గేరు వేసి నడిపించవలెను. ఎండిన తారు రోడ్డుపై ఈ పరీక్ష చేయరాదు. మలుపులో ముందు చక్రములు ఎక్కువ దూరము తిరుగును గనుక గేర్లపై ఒత్తిడి పడును. ముందు ఇరుసు వద్ద ఆయిలు కారుచున్నదా, నాలుగు టైర్లు ఒకే కొలతవా, అరుగుదల సమముగా ఉన్నదా చూడవలెను.

ఆర్.సి.లోని ఛాసీ నంబరును బండిపైనున్న నంబరుతో సరిచూచి, కంపెనీ సర్వీసు కేంద్రములో ఆ నంబరు చూపి రకమేదో నిర్ధారించుకొనవలెను. ఆర్.సి.లో ఫైనాన్సు అప్పు నమోదై ఉన్నచో ఫారము 35తో దానిని తీసివేయించనిదే సొమ్ము చెల్లించరాదు. పేరు మార్పునకు ఫారములు 29, 30 అవసరము. రిజిస్ట్రేషను 15 సంవత్సరములు దాటిన సొంత బండికి ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రెన్యువల్ చేయించవలెను. ఆ ఖర్చును బేరములోనే లెక్కించవలెను.

బండికి పెట్టు సొమ్ము ఒక పంట రాబడి కావచ్చును. కావున రైతు సోదరులు ముందుగా తమ బాటను చూచి, పిదప రకమును, చివరకు హంగులను చూడవలెను. హంగులు తగ్గగా మిగిలిన సొమ్ముతో నాలుగు మంచి టైర్లు వేయించినచో అది వానాకాలమున అక్కరకు వచ్చును.