స్కిజోఫ్రీనియా వస్తే ఉద్యోగం పోయినట్టేనా?

ఈరోజు టాపిక్ కొంచెం బరువైనది.

బీటెక్‌లో నా పక్క బెంచీ వాడు, గుంటూరు దగ్గర పల్లెటూరు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఆఫీసులో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారు అనడం మొదలెట్టాడు. ఎవరూ లేకపోయినా మాటలు వినపడేవి. మేము పని ఒత్తిడి అనుకున్నాం. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని ఏడాదిపాటు గుళ్ళూ దర్గాలూ తిప్పారు. ఉద్యోగం పోయింది. చివరికి డాక్టర్ చెప్పిన పేరు స్కిజోఫ్రీనియా.

ఈ జబ్బు ఎక్కువగా ఇరవైల్లోనే బయటపడుతుంది. అంటే సరిగ్గా ఉద్యోగంలో నిలదొక్కుకునే టైమ్‌లో. మాటలు వినపడటం మందులతో చాలామందికి తగ్గుతుంది. పనికి అసలు అడ్డం ఇంకోటి: ధ్యాస నిలవదు, ఏదీ మొదలెట్టబుద్ధి కాదు. దానికి మన ఇళ్ళల్లో పెట్టే పేరు సోమరితనం!

ఇల్లు లెక్కలోకి వచ్చేది ఇక్కడే. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే ఆయన 1950ల్లోనే ఇది పట్టుకున్నాడు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక ఇంట్లో తిట్లు, ఎత్తిపొడుపులు ఎక్కువైతే జబ్బు తిరగబెట్టేది ఎక్కువ. అతిగా వెంటపడి చూసుకున్నా అంతే. తల్లిదండ్రుల వల్ల జబ్బు వచ్చిందని కాదండోయ్, అది వేరే మాట. కానీ తిరగబెట్టిన ప్రతిసారీ ఉద్యోగానికి దెబ్బే కదా.

చెన్నైలో డాక్టర్ శారదా మీనన్ 1984లో మొదలుపెట్టిన స్కార్ఫ్ అనే సంస్థ ఉంది. మద్రాసులో ఈ జబ్బు కొత్తగా వచ్చినవాళ్ళని పదేళ్ళు గమనిస్తే, మగవాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒక పని చేస్తూనే ఉన్నారు. నన్నడిగితే, సొంత పొలం, సొంత కొట్టు ఉన్నచోట ఇది ఇంకా తేలిక. లేటైతే ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళు ఉండరు.

మావాడికి అదే కలిసొచ్చింది. మందులు మొదలెట్టాక వాళ్ళ నాన్న మిరప కల్లంలో తాలుకాయలు ఏరమన్నారు. మొదట రోజుకి గంట. తర్వాత కూలీల హాజరు, ఆ తర్వాత యార్డుకి పోయే టిక్కీల లెక్క. "ఇంజనీరు కొడుకుని కల్లంలో కూర్చోబెట్టారు" అని వాళ్ళమ్మ ఏడ్చింది. నాన్న మాత్రం ఒక్క మాటా అనలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది. 40 శాతం సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్‌కి అర్హత. వీళ్ళు మాత్రం దానికి వెళ్ళలేదు, చెల్లెలికి సంబంధాలు రావని భయం. ఇలాంటివి మీ ఇంట్లో ఉంటే టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇప్పుడు వాడు ఎరువుల షాపులో బిల్లింగ్ చేస్తున్నాడు. మందులు ఆపలేదు. ఈ వీడియో చేస్తానంటే, "చెయ్ రా, పేరు మాత్రం వద్దు. ఓనర్‌కి ఇంకా చెప్పలేదు" అన్నాడు.