గుండె మార్పిడి తర్వాత వ్యాయామం.. పల్స్ ఎందుకు లేటుగా పెరుగుతుంది?

గుండె మార్పిడి జరిగినవారు మెట్లెక్కడం మొదలుపెట్టినా పల్స్ వెంటనే పెరగదు. ఎందుకంటే ఆపరేషన్‌లో రక్తనాళాలను కలిపి కుడతారు కానీ, గుండెకు వెళ్లే నరాలు తెగిపోతాయి. వేగాన్ని అదుపు చేసే వేగస్ నరం కూడా అంతే. అందుకే ఊరికే కూర్చున్నా గుండె నిమిషానికి 90 నుంచి 110 సార్లు కొట్టుకుంటుంది. వ్యాయామంలో దాని వేగం పెంచేది ప్రధానంగా రక్తంలో కలిసి వచ్చే అడ్రినలిన్. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆపేశాక తగ్గడమూ నెమ్మదే.

అసలు చిక్కు బీటా బ్లాకర్ మాత్రలతోనే. బీపీకి, గుండెదడకు ఇచ్చే ఈ మందులు ఆ అడ్రినలిన్ ప్రభావాన్నే అడ్డుకుంటాయి. దాంతో వీరు త్వరగా అలసిపోవచ్చు. అలాగని మాత్ర సొంతంగా ఆపేయకూడదు, డాక్టర్‌కే చెప్పాలి. నడకలో వాచీ చూపించే పల్స్ కంటే ఆయాసాన్ని గమనించుకోవడమే మేలు. మొదట్లో, చివర్లో కాసేపు మెల్లగా నడవాలి.