బల్ల మీది కార్డుల స్టాండులో గడియారం ముందే ఎందుకు ఆగిపోతుంది?

బందరులో ఏజెన్సీ ఆఫీసు, గుడివాడలో రైస్ మిల్లు, అవనిగడ్డలో రొయ్యల మేత అమ్మే కొట్టు. ఇలాంటి చోట్ల యజమాని బల్ల మీద ఒక చిన్న వస్తువు తరచుగా కనిపిస్తుంది. మూసి ఉంటే చేతిలో ఇమిడే పెట్టె. మడత విప్పితే ఒక వైపు విజిటింగ్ కార్డులు పెట్టుకునే అర, రెండో వైపు అంకెల గడియారమో కాలిక్యులేటరో ఉంటుంది. పైన ఏదో కంపెనీ పేరు అచ్చు వేసి ఉంటుంది. దీన్ని డబ్బు పెట్టి కొనుక్కునేవాళ్లు తక్కువ. కొత్త సంవత్సరానికో, కొత్త సరుకు విడుదలకో కంపెనీ ప్రతినిధి ఇచ్చిపోయినదే ఎక్కువ.

కొన్నాళ్లకు గడియారం ఆగిపోతుంది. కార్డుల అర మాత్రం బాగానే ఉంటుంది. ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే, దాన్ని బాగుచేసుకోవచ్చు. తర్వాత కొనేటప్పుడు మెరుగైనది ఎంచుకోవచ్చు.

ఎందుకిలా తయారుచేస్తారు?

ఇది కదలకుండా బల్ల మీదే ఉండే ప్రకటన. గోడ క్యాలెండరు డిసెంబరుతో దిగిపోతుంది. కార్డుల స్టాండుకు అలాంటి గడువు లేదు. అయితే ఉత్త డబ్బా వైపు ఎవరూ పదేపదే చూడరు. అందుకే గడియారం పెడతారు. టైము చూసిన ప్రతిసారీ పక్కనున్న పేరు కూడా కంట పడుతుంది.

మడతకూ కారణం ఉంది. మూస్తే పలచగా ఉంటుంది కాబట్టి ఒకే అట్టపెట్టెలో ఎక్కువ పడతాయి, రవాణా ఖర్చు తగ్గుతుంది. తెరిస్తే మూత వెనక్కి వాలి ఆసరాగా నిలుస్తుంది. అప్పుడు గడియారం తెర చూసేవాళ్ల వైపు ఏటవాలుగా తిరుగుతుంది. మన దగ్గర విజిటింగ్ కార్డు సాధారణంగా మూడున్నర అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు ఉంటుంది. అర కొలత దానికి కొద్దిగా ఎక్కువ ఉంచుతారు.

లోపల ఏం జరుగుతుంది?

గడియారానికి గుండెకాయ క్వార్ట్జ్ (కరెంటు తగిలితే కంపించే స్ఫటికం) ముక్క. అది సెకనుకు 32,768 సార్లు కంపించేలా కోసి ఉంటుంది. ఆ అంకెను ఎంచుకోవడానికి కారణం ఉంది. దాన్ని సగం చేస్తూ పోతే, సరిగ్గా 15వ సారికి ఒకటి మిగులుతుంది. చిప్పు చేసేది ఈ సగం చేసే పనే. అలా సెకనుకు ఒక్క సంకేతం తయారవుతుంది. దాన్ని లెక్కపెట్టి నిమిషాలు, గంటలు చూపిస్తుంది.

ఈ స్ఫటికం 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా తయారవుతుంది. అంతకన్నా వేడెక్కినా, చల్లబడినా కొంచెం నెమ్మదిస్తుంది. గది 40 డిగ్రీల వేడిలో నెలంతా ఉంటే, ఆ ఒక్క కారణంతోనే సుమారు 20 సెకన్లు వెనకబడుతుంది. తయారీలో వచ్చే చిన్న తేడా దీనికి తోడవుతుంది. కాబట్టి ఎండాకాలంలో నెలకు అర నిమిషం, ఒక నిమిషం తేడా వచ్చిందంటే గడియారం చెడిపోయినట్టు కాదు.

అంకెలు చూపేది ఎల్‌సీడీ (ద్రవ స్ఫటిక తెర). ఈ రకం చిన్న తెరకు సొంత వెలుగు ఉండదు. బయటి నుంచి పడిన వెలుతురును కొన్నిచోట్ల ఆపి, కొన్నిచోట్ల వెనక్కి పంపుతుంది. ఆపిన చోట నల్లటి గీత కనిపిస్తుంది. వెలుగు పుట్టించే పని లేదు కాబట్టి విద్యుత్తు అతి తక్కువ చాలు. అందుకే చొక్కా గుండీ అంత బటన్ సెల్ ఒకటి రెండేళ్లు లాక్కొస్తుంది. ఎక్కువగా వాడే ఎల్ఆర్44 రకం సెల్ వ్యాసం 11.6 మిల్లీమీటర్లు, ఇచ్చేది 1.5 వోల్టులు.

మన ప్రాంతంలో ఎందుకు ముందే ఆగుతుంది?

ఇందుకు మూడు కారణాలు. మొదటిది, సెల్ అయిపోవడం. ఇది సహజం, కొత్తది వేస్తే సరిపోతుంది.

రెండోది, సెల్ కారడం. ఆల్కలైన్ సెల్ లోపల ఘాటైన క్షారం ఉంటుంది. సెల్ అయిపోయాక కూడా అలాగే వదిలేస్తే లోపల వాయువు పుట్టి ఒత్తిడి పెరుగుతుంది. అంచున ఉన్న బిరడా సందు ఇస్తుంది. క్షారం బయటికి వచ్చి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి తెల్లటి పొడిలా పేరుకుంటుంది. అది కింద ఉన్న లోహపు రేకును తినేస్తుంది.

మూడోది ఉప్పుగాలి. సముద్రం పక్కనున్న బందరు, కోడూరు, నాగాయలంకల్లో దీని దెబ్బ ఎక్కువ. గాలిలో వచ్చే ఉప్పు తేమను పీల్చుకుంటుంది. సెల్‌ను తాకే స్ప్రింగు మీద కంటికి కనబడని ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. స్ప్రింగు సాధారణంగా ఇనుము, పైన నికెల్ పూత. పూత గీరుకుపోయిన చోట తుప్పు మొదలవుతుంది. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలు చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పూత ఉన్నంతకాలం మెరుపు, పూత అరిగిన చోట లోపలి లోహానికి చిలుము. ఒకటిన్నర వోల్టు చాలా తక్కువ వోల్టేజీ. తుప్పు పొర కొంచెం పెరిగినా కరెంటు దాటలేదు. సెల్‌లో సత్తువ ఉండగానే గడియారం ఆగుతుంది. కొత్త సెల్ వేసినా నడవలేదంటే అనుమానించాల్సింది ఈ తుప్పునే.

మరమ్మతు కష్టం కాదు. ముందు సెల్ తీసేయండి. తెల్లటి పొడి ఉంటే దూది పుల్లకు ఒక్క చుక్క నిమ్మరసం అద్ది తుడవండి. ఆమ్లం క్షారాన్ని విరగ్గొడుతుంది. తర్వాత తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. తుప్పు ఉంటే పెన్సిలు రబ్బరుతో రుద్దండి. ఆ తర్వాతే కొత్త సెల్ వేయండి.

పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త

బటన్ సెల్‌ను పసిపిల్లలు మింగితే అది అత్యవసర పరిస్థితి. ముఖ్యంగా 20 మిల్లీమీటర్ల లిథియం సెల్ గొంతు దిగువన అన్నవాహికలో ఇరుక్కుంటుంది. అక్కడి తడి గుండా కరెంటు ప్రవహించి ఘాటైన క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే లోపల కాలిన గాయాలు కావచ్చు. వాంతి చేయించకూడదు. వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అయిపోయిన సెల్‌లో కూడా ఈ పని చేయడానికి సరిపడా శక్తి ఉంటుంది. తీసిన సెల్‌కు రెండు వైపులా టేపు అంటించి, చెత్తలో కలపకుండా విడిగా ఉంచాలి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇలాంటి చిన్న బ్యాటరీలకూ వర్తిస్తాయి. వాటిని వెనక్కి తీసుకునే బాధ్యతను తయారీదారులపై పెట్టాయి.

ఇప్పుడు బల్ల మీదికి వస్తున్నవి

ఇలాంటి కానుకలకు పూర్వం ఉన్న వెసులుబాటు తగ్గింది. 2024 మార్చిలో కేంద్ర ఔషధ విభాగం తెచ్చిన ప్రవర్తనా నియమావళి మందుల కంపెనీలు డాక్టర్లకు కానుకలు ఇవ్వకూడదంటోంది. సమాచారం కోసం ఇచ్చే పుస్తకాలు, క్యాలెండర్లు, డైరీల వంటి వాటికి మాత్రం ఒక్కోదానికి 1,000 రూపాయల పరిమితి పెట్టింది. ఇతర వ్యాపారాల్లోనూ, ఊరికే ఇచ్చిన కానుక మీద కట్టిన జీఎస్‌టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తర్వాత కట్టే పన్నులో తగ్గించుకునే వీలు) రాదు.

మరోవైపు 2016లో యూపీఐ వచ్చాక కౌంటరు మీద క్యూఆర్ కోడు స్టాండు నిలబడింది. క్యూఆర్‌ను 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ సంస్థ కారు విడిభాగాల లెక్క కోసం తయారుచేసింది. ఇప్పుడు విజిటింగ్ కార్డుల మీదా అదే కోడు అచ్చవుతోంది. ఫోను తాకిస్తే వివరాలు తెరిచే ఎన్‌ఎఫ్‌సీ (దగ్గరి దూరపు రేడియో సంకేతం) కార్డులూ వచ్చాయి. వీటిలో సెల్ ఉండదు. ఫోను పంపే రేడియో తరంగమే కార్డులోని తీగచుట్టలో కరెంటు పుట్టిస్తుంది. కాబట్టి సెల్ కారే బెడద లేదు.

కానీ ఈ కొత్త కార్డుల్లో మరో రకంగా ఆగిపోయే ప్రమాదం ఉంది. క్యూఆర్ కోడులో రెండు పద్ధతులున్నాయి. పేరు, ఫోను నంబరు కోడులోనే రాసి ఉంచడం ఒకటి. ఇది నెట్ లేకపోయినా పనిచేస్తుంది, కానీ నంబరు మారితే మళ్లీ అచ్చు వేయించాలి. కోడులో వెబ్ చిరునామా మాత్రమే పెట్టడం రెండోది. ఇందులో వివరాలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అయితే ఆ సేవ నడిపే సంస్థ మూతపడినా, ఏటా కట్టే రుసుము ఆగినా, కార్డులన్నీ ఒకేసారి పనికిరాకుండా పోతాయి.

ఏది ఎంచుకోవాలి?

పాత స్టాండుకైనా, కొత్త కోడుకైనా ఒకే పరీక్ష సరిపోతుంది: ఎలక్ట్రానిక్ భాగం ఆగిపోతే అసలు పని ఆగుతుందా? స్టాండు కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి. సెల్ మూతకు స్క్రూ ఉంటే మంచిది. మీరు మార్చుకోగలరు, పిల్లలు తీయలేరు. మూతే లేకుండా అతికించేసినది సెల్ అయిపోయిన నాడే చెత్త. క్యూఆర్ అచ్చు వేయించేటప్పుడు నంబరు కోడులోనే ఉండేలా చేయించుకోండి, కోడు కింద మామూలు అంకెల్లోనూ అచ్చు వేయించండి. ఇప్పటికే మీ బల్ల మీద ఆగిపోయిన గడియారం ఉంటే, అందులోని సెల్‌ను ఈ రోజే తీసేయండి. కారకముందే తీస్తే ఆ స్టాండు మళ్లీ నడుస్తుంది.