ఎండలో వెళ్లి వానలో వచ్చే సైకిలు
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మన పెద్దలు. మే 25 ప్రాంతాన మొదలై రెండు వారాలుండే ఆ కార్తెలో నీడపట్టున ఉన్న మనకే ఊపిరాడదు. ఆ రోజుల్లోనే ఒక్కోసారి సాయంత్రం నాలుగయ్యేసరికి ఆకాశం నల్లబడి, ఈదురుగాలి లేచి, దండెం మీది బట్టలు తీసేలోపే వాన దంచేస్తుంది. మనం తలుపులు మూసుకుంటాం. మరి ఆ వేళకు సైకిలు మీద దారిలో ఉన్నవాళ్ల సంగతి? పని నుంచి వచ్చే ఇంటాయన, ట్యూషను నుంచి వచ్చే అమ్మాయి, పాలుపోసే కుర్రవాడు, వీళ్లందరికీ ఒకే రోజున వడగాడ్పూ పిడుగూ రెండూ ఎదురవుతాయి.

ఈ రెంటికీ చుట్టరికం ఉంది, చూడండి. బెజవాడ లాంటి ఊరునే తీసుకోండి. పొద్దుటినుంచి నేల కాగుతుంది. దాన్ని ఆనుకున్న గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. బంగాళాఖాతం మీదనుంచి వచ్చే తేమ దానికి తోడైతే, పైన చల్లబడి మేఘమవుతుంది. ఆ మేఘం గోపురంలా పెరిగి పెరిగి, సాయంత్రానికి కురుస్తుంది. కురిసే వాన చుట్టూ ఉన్న గాలిని చల్లబరిస్తే, ఆ గాలి బరువెక్కి కిందికి దూకి నేల మీద నలువైపులా పరుచుకుంటుంది. వానకంటే ముందు మన మొహాన కొట్టే చల్లటి దుమ్ముగాలి అదే. ‘అమ్మయ్య, చల్లబడింది’ అనుకుంటాం గాని, మేఘం దగ్గరికొచ్చిందని అది చెప్పే కబురు.

ముందు ఎండ మాట. సైకిలు మీద పోతుంటే గాలి తగిలి చెమట పట్టగానే ఆరిపోతుంది. అందుకని ఒంట్లో నీరు ఎంత పోతోందో తొక్కేవాళ్లకు తెలియదు. దిగి నిలబడగానే చెమట ధారలు కడుతుంది. పైగా గాలి మన చర్మంకంటే వేడిగా ఉన్నప్పుడు అది ఒంటికి వేడినే ఎక్కిస్తుంది. చేతులు కప్పే వదులైన నూలు చొక్కా, తలకు తడిపి పిండిన తువ్వాలు మేలు. బయలుదేరే ముందు ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఇవ్వండి. రక్తపోటున్నవాళ్లకు ఉప్పు సంగతి డాక్టరును అడగాలి. ఇంటికొచ్చిన మనిషి మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ, విసురుతూ, వెంటనే 108కి ఫోను చేయించండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇక వాన. మొదటి జల్లు పడగానే రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జారుడవుతుంది. చక్రం అంచు తడిస్తే బ్రేకు రబ్బరు పట్టదు. కాబట్టి నెమ్మదిగా తొక్కుతూ, ఆపవలసిన చోటికి చాలా ముందునుంచే బ్రేకు కొద్దికొద్దిగా నొక్కుతుండాలి. నీళ్లు నిలిచిన చోట గొయ్యి కనబడదు, దిగి నడిపించుకోవడమే మంచిది.

అన్నిటికంటే పెద్ద భయం పిడుగు. ఉరిమితే అర్జునుడి పేర్లు తలుచుకోవడం మన ఆచారం. తలుచుకుంటూనే ఆగే చోటు చూసుకోవాలి. ఉరుము చెవిన పడిందంటే పిడుగు అందే దూరంలో ఉన్నట్టే లెక్క. టైర్లు రబ్బరువి గనుక ఏమీ కాదనుకోవడం పొరపాటు. చెట్టుకింద నిలబడడం అంతకంటే పొరపాటు. నాలుగు గోడలూ స్లాబూ ఉన్న ఏ దుకాణంలోకో, బడిలోకో వెళ్లి, ఆఖరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగాలి. బయలు తప్ప ఏమీ లేకపోతే సైకిలు వదిలేసి, చెట్లకూ స్తంభాలకూ దూరంగా, పాదాలు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోవాలి. పడుకోకూడదు, పిడుగు నేలలోకి కూడా పాకుతుంది.

‘ఇవన్నీ తొక్కేవాళ్లకు చెప్పాలిగాని మాకెందుకు?’ అంటారేమో. ఉరుము విని కూడా వాళ్లు ఆగకుండా ఎందుకు తొక్కుతారో ఆలోచించండి. ఇంట్లో కంగారు పడతారని, ఆలస్యానికి సంజాయిషీ చెప్పాలని. గుమ్మంలో నిలబడి ‘ఇంతసేపేమిటి?’ అని మనం అడిగే ఒక్క ప్రశ్న వాళ్లను మరునాడు వానలో పరుగెత్తిస్తుంది. కాబట్టి పొద్దున్నే మజ్జిగతోపాటు ఈ మాట కూడా ఇచ్చి పంపండి: ‘ఉరిమితే ఎక్కడో ఒకచోట ఆగిపోండి. గంట ఆలస్యమైతే ఆగారనే అనుకుంటాం.’ ఆగిన చోటునుంచి వీలైతే ఒక్క ఫోను చెయ్యమనండి. ఫోను రాకపోయినా, తొక్కుతున్నవాళ్లకు మనం పదేపదే ఫోను చెయ్యవద్దు.

మన ఇంటికి పనికి సైకిలు మీద వచ్చే అమ్మాయికి కూడా ఈ మాటే చెప్పాలి సుమండీ. ఉరుముల వేళ అంట్లు ఓ గంట ఆలస్యమైతే కొంప మునగదు. ‘వాన వెలిశాకే రా, జీతం కొయ్యను’ అని మనం అంటే తప్ప ఆ పిల్ల ఆగలేదు.

ఇల్లు చేరాక సైకిలును పొడిగుడ్డతో తుడిచి, గొలుసుకు రెండు చుక్కలు నూనె వేయిస్తే రేపటికి సిద్ధం. మనిషి తల తుడుచుకునేలోపు స్టవ్వు మీద కాఫీ పెట్టండి. ఆలస్యం సంగతి మాత్రం అడగకండి. సెలవు.