బృహస్పతి ఉపగ్రహాల పరస్పర గ్రహణాలు: ఔత్సాహిక పరిశీలన ప్రణాళిక

1. ఉపోద్ఘాతం:
1610లో గెలీలియో గుర్తించిన ఐయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో ఉపగ్రహాలు దాదాపు బృహస్పతి మధ్యరేఖా తలంలోనే పరిభ్రమిస్తాయి. సూర్యుడూ భూమీ సుమారు ఆరేళ్లకొకసారి ఆ తలానికి చేరువగా వస్తాయి. అప్పుడు కొన్ని నెలలపాటు ఒక ఉపగ్రహం మరొకదానిని మరుగుపరచడమో, దానిపై తన నీడను పడవేయడమో జరుగుతుంది. 2021 తరువాత ఈ అవకాశం 2026-27లో లభిస్తుంది. అందుకు తగిన పరిశీలన ప్రణాళికను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గ్రహణం - ఆచ్ఛాదనం:
నీడ పడి కాంతి తగ్గడం గ్రహణం. ఒక బింబం మరొకదానికి అడ్డురావడం ఆచ్ఛాదనం. వాడుకలో రెండింటినీ గ్రహణమనే అంటాం. నిజానికి చంద్రగ్రహణం మొదటి కోవకు, సూర్యగ్రహణం రెండవ కోవకు చెందుతాయి. పరిశీలకునికి ఈ భేదం ముఖ్యం. ఆచ్ఛాదనంలో రెండు బింబాలూ కలిసిపోతాయి కనుక వాటి ఉమ్మడి కాంతినే కొలవాలి. అందుచేత అవి విడిగా ఉన్నప్పుడు ఒక్కొక్కదాని కాంతిని నమోదు చేసుకోవాలి.

3. ఘటనల ఎంపిక:
పారిస్‌లోని ఐఎంసిసిఇ సంస్థ ఈ ఘటనల కాలపట్టికలను ప్రకటిస్తుంది. వాటిలో మన ప్రాంతంలో రాత్రివేళ, బృహస్పతి క్షితిజానికి తగినంత ఎత్తున ఉన్నప్పుడు జరిగేవాటిని ఎంచుకోవాలి. గ్రహబింబానికి మరీ దగ్గరగా జరిగేవాటినీ, కాంతి స్వల్పంగా తగ్గేవాటినీ విడిచిపెట్టడం మేలు. 15-20 సెం.మీ. దూరదర్శిని, వీడియో కెమెరా సరిపోతాయి. పోలికకోసం మరొక ఉపగ్రహం కూడా చిత్రంలో ఉండాలి.

4. కాలనిర్ణయం:
పంచాంగంలో వలెనే ఇక్కడా స్పర్శ, మధ్య, మోక్షకాలాలు ప్రధానం. ప్రపంచ సమయానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన సమయం వస్తుంది. పట్టికలో 20:00 గంటలంటే మనకు మరునాటి వేకువ 1:30. పట్టిక భౌమకాలంలో ఉంటే ముందుగా దాదాపు 69 సెకన్లు తీసివేయాలి. ఐయో తన కక్ష్యలో సెకనుకు సుమారు 17 కి.మీ. కదులుతుంది. ఆ 69 సెకన్లను విస్మరిస్తే దాని స్థానం వెయ్యి కిలోమీటర్లకు పైగా తప్పుతుంది. కనుక గడియారాన్ని జిపిఎస్‌తో సరిచూసుకొని, స్పర్శకు పది నిమిషాల ముందునుండి మోక్షానంతరం పది నిమిషాల వరకు చిత్రీకరించాలి.

5. ముగింపు:
ఈ ఉపగ్రహాలకు చెప్పుకోదగిన వాతావరణం లేదు. అందువల్ల కాంతి తగ్గుదల స్పష్టంగా నమోదై, వాటి స్థానాలు కచ్చితంగా తెలుస్తాయి. 1891-2007 మధ్య జరిగిన స్థాన పరిశీలనల ఆధారంగానే ఐయో మెల్లగా బృహస్పతికి చేరువవుతున్నదని 2009లో లైనీ బృందం నిర్ధారించింది. ఒక్కొక్క ఘటన కొద్ది నిమిషాలదే. మనకు రాత్రి అయినప్పుడు అమెరికాలో పగలు. ఆ వేళ ఇక్కడ కొలవని ఘటనను అక్కడివారు కొలవలేరు. చిన్న దూరదర్శినితో చేసిన పరిశీలనకైనా విలువ కలగడానికి ఇదే కారణం.