వంటయింటి పొగ

బియ్యములో రాయి కనబడినచో ఏరి పారవేయుదుము. త్రాగునీటిని వడగట్టక బిందెలో పోయము. పాలు కాచక బిడ్డలకు పట్టము. ఇంత జాగ్రత్త గల గృహిణులము, దినమునకు ఇరువదివేల పర్యాయములు లోనికి గొనుచున్న గాలిని గూర్చి మాత్రము తలంపము. అన్నము లేక కొన్ని వారములు, నీరు లేక కొన్ని దినములు ప్రాణము నిలువవచ్చును గాని, గాలి లేక కొన్ని నిమిషములకు మించి నిలువదు. కావున ఈ గాలి యెట్టిది, అది యెట్లు చెడుచున్నది, మనము చేయదగినదేమి అను సంగతులు ప్రతి గృహిణియు నెరుంగదగినవి.

భూమిని ఆవరించియున్న గాలికి వాయుమండలమని పేరు. తేమ లేని గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు గలవు. మిగిలిన పాలులో అధికభాగము ఆర్గాను. బొగ్గుపులుసు వాయువు 0.04 పాలు మాత్రమే. ఈ మండలము వందల కిలోమీటర్ల యెత్తువరకు వ్యాపించియున్నను, అందలి గాలిలో సగము నేలకు 5.5 కిలోమీటర్ల లోపలనే యున్నది. మనము ఊపిరి పీల్చుటయు, పొగ విడుచుటయు ఈ పలుచని పొరలోనే.

పగటివేళ నేలనంటిన గాలి వేడెక్కి పైకి లేచును; దానితో పొగయు పోవును. శీతకాలపు రాత్రులలో నేల త్వరగా చల్లారును. అప్పుడు క్రింద చల్లని గాలియు, దానిపై వెచ్చని గాలియు నిలిచి, కుండపై మూత వేసినట్లగును. పొగ పైకి పోజాలక జనుల నడుమనే నిలుచును. 1952 డిసెంబరు 5 మొదలు 9 వరకు లండను నగరమున నిట్లే జరిగెను. ఇండ్లలోని బొగ్గుపొయ్యిల పొగయు, కర్మాగారముల పొగయు మంచుతో గలిసి నగరమును గప్పివేసెను. వేలకొలది జనులు మరణించిరి. దాని ఫలితముగా 1956లో ఆ దేశమున గాలి శుభ్రతకై చట్టము చేయబడెను.

నేడు మన దేశమున గాలిని జెరుచునవి పెక్కులు గలవు. బొగ్గుతో విద్యుచ్ఛక్తి తయారుచేయు కేంద్రములు, కర్మాగారములు, మోటారు వాహనములు, ఇటుక బట్టీలు, దారుల దుమ్ము, పొలములలో తగులబెట్టు గడ్డి, వీధులలో కాల్చు చెత్త అందు ముఖ్యమైనవి. వీనిని అదుపులో నుంచుట ప్రభుత్వముల బాధ్యత. వీనితోపాటు మన యింటనే యున్నది మరియొకటి గలదు. అది కట్టెలపొయ్యి.

కట్టెలును పిడకలును పొయ్యిలో పూర్తిగా కాలవు. కాలక మిగిలినది పొగయై వచ్చును. ఆ పొగలో రెండు విషములు ప్రధానమైనవి. మొదటిది కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ప్రాణవాయువు చేరవలసిన తావును ఆక్రమించును. తలనొప్పియు, తలతిరుగుటయు దాని గుర్తులు. తలుపులు మూసి కుంపటి పెట్టుకొని నిద్రించినవారు మరల లేవకపోవుటకు కారణమిదియే. రెండవది 2.5 మైక్రానులకు మించని సూక్ష్మధూళి. అనగా తలవెండ్రుక మందములో సుమారు ముప్పదవ వంతు. ఇది ముక్కులో ఆగక ఊపిరితిత్తుల లోతులకు బోయి, రక్తమున సైతము గలియును. గిన్నె అడుగు మసిని బూడిదతో తోమి పోగొట్టవచ్చును. ఊపిరితిత్తుల మసిని తోముట కుపాయము లేదు.

బిడ్డలకు న్యుమోనియా, పెద్దలకు ఆయాసము, గుండెజబ్బు, పక్షవాతము, ఊపిరితిత్తుల క్యాన్సరు ఈ పొగవలన గలుగును. ఇంటిలోని పొగవలన 2020లో లోకమున 32 లక్షలమంది మరణించిరనియు, వారిలో 2 లక్షల 37 వేలకు పైగా అయిదేండ్ల లోపు బిడ్డలే యనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1999లో దీపము పథకమును, దేశమంతటను 2016లో ఉజ్జ్వల పథకమును పేదయిండ్లకు గ్యాసుపొయ్యిని జేర్చినవి. అయినను సిలిండరు వెలకు జంకి, అన్నము కట్టెలపై వండి, గ్యాసును కాఫీకిని, చుట్టములు వచ్చిన దినమునకును దాచుకొను ఇండ్లు గలవు. ఖర్చు తగ్గింపవలసివచ్చినప్పుడు మొదట తగ్గునది వంటయింటి స్త్రీ సౌకర్యమే గదా!

సోదరీమణులారా! కట్టెలపొయ్యి తప్పనిచో దానికి పొగగొట్టము పెట్టింపుడు. లేనిచో ఆరుబయట వండుడు. ఎండిన కట్టెలనే వాడుడు. చంటిబిడ్డను ఒడిలో నుంచుకొని పొయ్యి యూదకుడు. గర్భిణిని పొగలో కూర్చుండనీయకుడు. భోగిమంటలో ప్లాస్టికును, రబ్బరు టైర్లను వేయనీయకుడు. గ్యాసునకగు సొమ్మును మందుల ఖర్చువలెనే తప్పనిసరి ఖర్చుగా నెంచుడు. ఇంటి లెక్కలు వ్రాయు మగవారికి ఈ సంగతి చదివి వినిపింపుడు.