దిబ్బరొట్టెకు నిప్పులేవి?

హోటళ్లలో అరుదు - ఇళ్లలో మూలనపడ్డ మూకుడు

పాలకొల్లు: తెల్లవారుజామున నాలుగు గంటలు దాటితే చాలు, గోదావరి జిల్లాల ఊళ్లలో టిఫిన్ హోటళ్ల పొయ్యిలు రాజుకుంటాయి. బస్టాండు ఎదుట, రైలుగేటు పక్కన, కాలువ వంతెన దిగువన ఇడ్లీ పాత్రలు పొగలు కక్కుతూ ఉంటాయి. తొలి బస్సు ఎక్కే గుమస్తాకు, నాట్లకు పోయే కూలీకి, రాత్రంతా చేపల చెరువు గట్టు మీద కాపలా కాసి వచ్చిన మనిషికి ఆ బల్లల మీదే తెల్లవారుతుంది. ఇడ్లీ, పెసరట్టు ఉప్మా, పూరీ, మైసూరు బజ్జీ... ఏ ఊరు వెళ్లినా ఇదే వరస. ఈ వరసలో ముందుండవలసిన ఒక పదార్థం మాత్రం కొద్ది హోటళ్లకే పరిమితమై పోయింది. అదే దిబ్బరొట్టె.

మినపరొట్టె అన్నా ఇదే. పాలకొల్లు, నరసాపురం, భీమవరం ప్రాంతాలలోనూ, గోదావరి ఆవల కోనసీమలోనూ ఒకప్పుడు ఆదివారం పూట ఈ రొట్టె కాలని ఇల్లు తక్కువ. పైన కరకరలాడే ఎర్రని పెచ్చు, లోపల దూదిలాంటి మెత్తదనం దీని గుణం. అల్లం పచ్చడితో తినేవారు కొందరు, కొత్త ఆవకాయతో తినేవారు కొందరు. చెరకు పానకంలో ముంచుకుని తింటే ఆ రుచే వేరని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఇంతటి రొట్టె క్రమంగా ఇంటి వంటలోంచి జారిపోవడానికీ, హోటలువారు దీనికి మొగ్గు చూపకపోవడానికీ కారణం ఒక్కటే. దీనికి నిప్పులు కావాలి, ఓపిక కావాలి.

పైనా నిప్పే, కిందా నిప్పే

దిబ్బరొట్టె అట్టు కాదు, ఇడ్లీ కాదు. అట్టుకు కింద మంట ఉంటే చాలు. ఇడ్లీకి ఆవిరి చాలు. దిబ్బరొట్టెకు మాత్రం కింది నుంచి, పై నుంచి కూడా సెగ తగలాలి. మందపాటి ఇనుప మూకుడులోగాని, కళాయి పోయించిన ఇత్తడి గిన్నెలోగాని నూనె వేసి, రెండంగుళాల మందాన పిండి పోసి, పైన మూత పెట్టి, ఆ మూత మీద నిప్పులు పేర్చేవారు. కొబ్బరి చెట్లకు లోటులేని సీమ కనుక ఎక్కువ ఇళ్లలో కొబ్బరి చిప్పల నిప్పులే వాడేవారు. కింద కుంపటి సెగకు అడుగు ఎర్రగా వేగుతుంది. పైన మూత వేడికి ముఖం ఎర్రబడుతుంది. నడుమ పిండి తన తడితో తానే ఉడుకుతుంది.

పట్టణాలలో బేకరీవాడి పొయ్యి చేసే పని కూడా ఇదే. నాలుగు వైపుల నుంచీ సమంగా వేడి తగిలేలా గూటిలో పెట్టి కాల్చడాన్నే బేకింగ్ అంటారు. బేకరీ అన్న మాట పల్లెలకు రాకమునుపే మన ఆడవారు మూకుడు, మూత, గుప్పెడు నిప్పులతో ఆ పని చేసుకుంటూ వచ్చారన్న మాట. తెలంగాణలో బియ్యప్పిండి, శనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె అడుగున అదిమి కాల్చే సర్వపిండి కూడా ఈ కోవలోదే. పిండి వేరు, ఓపిక ఒకటే.

పొగ పోయింది, నిప్పులూ పోయాయి

కట్టెల పొయ్యి, ఊక పొయ్యి, కుంపటి ఇళ్ల నుంచి తప్పుకున్నాయి. 1999లో రాష్ట్ర ప్రభుత్వం దీపం పథకం కింద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దీపం-2 పేరిట ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం ప్రారంభమైంది. పొగకు కళ్లు మండి, దగ్గుతూ వండిన తరాలకు ఇది పెద్ద ఊరట. ఆ పొయ్యి మళ్లీ రావాలని కోరే ఇల్లాలు ఎవరూ ఉండరు.

అయితే గ్యాస్ మంటకు నిప్పులు మిగలవు. పొయ్యి కట్టేస్తే అంతటితో సరి. మూత మీద పేర్చుకోవడానికి ఏమీ లేక రొట్టెను తిరగేసి రెండో వైపు కాల్చుకోవలసి వస్తోంది. పలచని అల్యూమినియం మూకుడులో పెద్ద మంట మీద పోస్తే అడుగు మాడుతుంది, నడుమ పచ్చిగా ఉంటుంది. రెండుసార్లు అలా అయితే మూడోసారి ఎవరూ ఆ జోలికి పోరు. అదే పిండితో ఇడ్లీ వేసి పిల్లల్ని బడికి పంపేస్తారు. ఇత్తడి గిన్నె అటక మీదికి ఎక్కుతుంది. కళాయి పోసేవారు వీధుల్లోకి రావడం తగ్గిపోయాక అది కిందికి దిగే దారీ మూసుకుపోయింది.

హోటలు లెక్క వేరు

ఇంట్లో కాలని రొట్టె హోటల్లోనైనా దొరకాలి కదా అంటే అక్కడ లెక్క అడ్డం వస్తోంది. పెనం మీద అట్టు మూడు నాలుగు నిమిషాలలో దిగుతుంది. ఇడ్లీ పాత్రలో ఒక వాయికి డజన్ల కొద్దీ ఇడ్లీలు లేస్తాయి. దిబ్బరొట్టె ఒక పొయ్యిని అరగంట పట్టుకు కూర్చుంటుంది. ఆ అరగంటలో అదే పొయ్యి మీద ఏడెనిమిది అట్లు పోయవచ్చు. ఒక రొట్టెను నాలుగు ముక్కలు కోసి అమ్మినా, ముక్కకు అట్టు ధరకు రెట్టింపు వస్తేగాని గిట్టుబాటు కాదు. అంత ఇవ్వడానికి కూలి జనం వెనుకాడతారు.

దీనికి తోడు మినపపప్పు ధర ఒక్క తీరున నిలవదు. మినుము పైరుకు తెల్లదోమ వల్ల వ్యాపించే పల్లాకు తెగులు తగిలిందంటే దిగుబడి పడిపోతుంది. దేశంలో పండింది చాలనప్పుడు బర్మా నుంచి మినుములు దిగుమతి చేసుకోవలసి వస్తుంది. ఇడ్లీ పిండిలో పప్పు కాస్త తగ్గించి రవ్వ పెంచినా ఎలాగో గడుస్తుంది. దిబ్బరొట్టెలో పప్పు తగ్గితే రొట్టె దిమ్మలా బిగుసుకుపోతుంది. కల్తీకి లొంగని పదార్థం కనుకనే అది హోటలువానికి బరువైంది.

గ్యాస్ ఖర్చు మరొకటి. ఇంటికి ఇచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను హోటల్లో వాడడం నిబంధనలకు విరుద్ధం. హోటళ్లు 19 కిలోల వాణిజ్య సిలిండర్ కొనుక్కోవాలి. దానికి రాయితీ ఉండదు. పట్టణాలలో 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో 5 రూపాయలకే టిఫిన్ పెడుతున్నారు. పేదవానికి అది కడుపు నింపే ఏర్పాటు. దాని పక్కన చిన్న హోటలు నిలదొక్కుకోవాలంటే క్యాంటీనులో లేనిది ఏదో పెట్టాలి. దిబ్బరొట్టె అలాంటిదే. ఆదివారాలలో మాత్రమే రొట్టె వేస్తామని బోర్డు పెట్టి, ముందుగా చెప్పినవారికి లెక్కకట్టి కాలిస్తే పొయ్యి ఖాళీగా మండదు, రొట్టె మిగలదు.

ఆరోగ్యం దృష్ట్యా చూసినా రొట్టెకు ఒక మేలు ఉంది. పూరీ, బజ్జీ వేయించిన నూనెనే మళ్లీ మళ్లీ కాచడం చాలా చోట్ల కనిపించే దురలవాటు. పదేపదే కాగిన నూనెలో ఏర్పడే చెడు పదార్థాలు 25 శాతం మించితే ఆ నూనె వాడరాదని 2018 జూలై 1 నుంచి నిబంధన అమలులో ఉంది. రొట్టెకు ఆ బెంగ లేదు. పోసిన నూనెను ఆ రొట్టే పీల్చుకుంటుంది. మరో వాయికి మిగిలేది దాదాపు ఉండదు.

గ్యాస్ మీదా కాలుతుంది

కొద్దిపాటి జాగ్రత్త తీసుకుంటే ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద కూడా మంచి రొట్టె వస్తుంది. ఒక గ్లాసు మినపపప్పు నాలుగైదు గంటలు నానబెట్టి, వీలైనంత తక్కువ నీటితో మెత్తగా, నురగ వచ్చేలా రుబ్బాలి. రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి, నానబెట్టి, నీరంతా గట్టిగా పిండి అందులో కలపాలి. ఉప్పు, ఇష్టముంటే కాస్త జీలకర్ర చేర్చాలి. పిండి ఇడ్లీ పిండి కన్నా గట్టిగా ఉండాలి. ఎక్కువ పులియనక్కరలేదు. పులిస్తే పెచ్చు ఎర్రబడుతుందేగాని రుచి చెడుతుంది.

అడుగు మందమున్న ఇనుప మూకుడును ముందు బాగా వేడెక్కించి, మూడు నాలుగు చెంచాల నూనె అంచుల దాకా తిప్పి పిండి పోయాలి. బిగువుగా కూర్చునే బరువైన మూత పెట్టి, మంటను పూర్తిగా తగ్గించాలి. పదిహేను ఇరవై నిమిషాల దాకా మూత తీయరాదు. అంచులు మూకుడును వదిలి, పైన తడి ఆరిన తరువాత అట్లకాడతో జాగ్రత్తగా తిరగేసి మరో పది నిమిషాలు ఉంచాలి. సన్నని పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటకూడదు. మంట ఇంకా ఎక్కువనిపిస్తే మూకుడు కింద పాత అట్ల పెనం ఒకటి పెడితే సెగ సమంగా పాకుతుంది.

ఇదే కిటుకుతో కేకు కూడా

ఈ సూత్రం తెలిసినవారికి కేకు కష్టం కాదు. పాత దళసరి గిన్నెలో రెండు వేళ్ల ఎత్తున పొడి ఇసుకగాని, రాతి ఉప్పుగాని పోసి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడి చేయాలి. నూనె రాసి మైదా చల్లిన గిన్నెలో కేకు పిండి సగానికి పైన పోసి, స్టాండు మీద పెట్టి, సన్నని సెగ మీద ముప్పావు గంట ఉంచితే కేకు పొంగుతుంది. కొందరు కుక్కర్ వాడతారు. అలాంటప్పుడు మూతకు రబ్బరు, విజిలు రెండూ తప్పనిసరిగా తీసివేయాలి. నీరు లేని కుక్కర్‌ను బిగించి పొయ్యి మీద పెట్టడం ప్రమాదకరం. రోజూ వాడుకునే కుక్కర్‌ను ఇందుకు వాడితే అడుగు పాడవుతుంది.

మైదా, పంచదార, నెయ్యి ఇంటి నుంచి పట్టుకెళ్లి బేకరీలో ఇచ్చి, కూలి చెల్లించి డబ్బాల నిండా బిస్కెట్లు కాల్పించుకురావడం చాలా పట్టణాలలో కుటుంబాలకు అలవాటు. సంక్రాంతికి, వేసవి సెలవులకు బేకరీల ముందు డబ్బాలతో పిల్లలు వరుస కట్టేవారు. సరుకు ఇంటిది, పొయ్యి బేకరీది. ఏమి వేశారో తెలుసు కనుక తల్లులకు దిగులు ఉండేది కాదు.

అమ్మదలచిన వారికి

ఇంట్లో రొట్టె, కేకు, బిస్కెట్లు చేసి అమ్మాలనుకునే మహిళలు ఈ రోజుల్లో ఎక్కువయ్యారు. అయితే 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం ఇంటి నుంచి అమ్మినా నమోదు చేయించుకోవాలి. ప్యాకెట్ కట్టి అమ్మే కేకులో గుడ్డు వేస్తే శాకాహారమని సూచించే ఆకుపచ్చ గుర్తు వేయకూడదు. నూనె పదార్థాలను వార్తాపత్రిక కాగితంలో చుట్టడాన్ని 2018 నాటి ప్యాకింగ్ నిబంధనలు నిషేధించాయి. సిరాలోని రసాయనాలు వేడికి, నూనెకు ఆహారంలోకి దిగుతాయి. పత్రిక చదవడానికే గాని పొట్లానికి కాదు. వేడి సాంబారును పలచని ప్లాస్టిక్ సంచిలో పోయించుకునే అలవాటు కూడా మానుకోవలసిందే. అరిటాకు, విస్తరాకు, ఇంటి నుంచి తెచ్చుకునే స్టీలు క్యారియర్ ఉండగా ప్రమాదం కొనితెచ్చుకోవడం ఎందుకు?

ఎగుమతి కాని రుచి

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. బోర్లించిన కుండ మీద రేకు తీసే ఆడవారి చేతిపని దేశమంతా తెలిసింది. పూతరేకు రోజుల తరబడి నిలవ ఉంటుంది, పెట్టెలో సర్దితే హైదరాబాదు చేరుతుంది, విమానమూ ఎక్కుతుంది. అంబాజీపేట పొట్టిక్కలు, దిబ్బరొట్టె అలా కాదు. పనసాకు బుట్ట విప్పిన వెంటనే పొట్టిక్క తినాలి. మూకుడులోంచి దిగిన పావుగంటలో రొట్టె తినాలి. చల్లారితే పెచ్చు మెత్తబడుతుంది, రుచి సగమవుతుంది. వీటిని పెట్టెలో సర్ది అమ్మి బతికించడం సాధ్యం కాదు.

అందువల్ల దిబ్బరొట్టె నిలవాలంటే కాల్చేవారు, తినేవారు ఒకే ఊళ్లో ఉండాలి. పండుగకు ఊరొచ్చిన పిల్లలు బిర్యానీకి ఇచ్చే డబ్బులో నాలుగో వంతు ఇచ్చి ఒక రొట్టె ముక్క అడిగితే హోటలువారు కాలుస్తారు. డ్వాక్రా సంఘాల సభ్యులు ఉదయం పూట రెండు మూడు మూకుళ్లతో బండి పెట్టుకున్నా పెద్ద పెట్టుబడి అక్కరలేదు. అన్నిటికన్నా ముందు, అటక మీద ఇత్తడి గిన్నె ఉన్న ఇళ్లలో రొట్టె కాల్చడం చేతనైన పెద్దమ్మలు, అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. మంట ఎంత తగ్గించాలో, మూత ఎప్పుడు తీయాలో కొలతల్లో రాసినా సగమే వస్తుంది. మిగతా సగం వారి పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. ఆ పని ఈ ఆదివారమే మొదలుపెట్టడం మంచిది.